పసిఫిక్ తీరంలో ఐదు రోజులు: ఒక కుటుంబ ప్రయాణం

అరబీలో ప్రయాణాన్ని 'సఫర్' అంటారు. ముసుగు తొలగడం, తేటతెల్లం కావడం అనే అర్థం ఆ ధాతువులోనే ఇమిడి ఉంది. ప్రయాణంలో మనుషుల స్వభావాలు బయటపడతాయి గనుకనే దానికి ఆ పేరు వచ్చిందని మా ఉస్తాదులు తరగతిలో చెబుతుండేవారు. ముప్పై ఏళ్లుగా అదే మాటను మేమూ మా విద్యార్థులకు చెబుతూ వస్తున్నాము. 2019 జూన్ మాసంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మా కుటుంబంతో చేసిన ఐదు రోజుల ప్రయాణం ఆ మాటకు మాకు లభించిన సజీవ వివరణ.

మా అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని ఫ్రీమాంట్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. రమజాను పండుగ ముగిసిన తరువాత మదరసా నుండి అదనపు సెలవు తీసుకుని, మా శ్రీమతితో కలిసి అక్కడికి వెళ్లాము. మనుమరాలికి పదమూడేళ్లు, మనుమడికి పదేళ్లు. అంతవరకు వారికి మేము తెలిసింది ఫోను తెరమీదనే. పలకరింపు, సలాము, 'బాగా చదువుతున్నావా' అన్న ప్రశ్న, అక్కడితో సంభాషణ ముగిసేది. మా ఇంటి ఉర్దూ, మా ఊరి తెలుగు రెండూ పిల్లలకు అర్థమవుతాయి. బదులు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఒకే ఇంట్లో కూర్చున్నా వారికీ మాకూ మధ్య ఏదో ఒక గాజు తెర నిలిచే ఉన్నట్లు మా శ్రీమతి బాధపడేది. పిల్లలకు బడి సెలవులు రాగానే అబ్బాయి ఐదు రోజులు సెలవు పెట్టి, "అబ్బా, అందరం కలిసి సముద్రం వెంబడి లాస్ ఏంజిలిస్ దాకా కారులో వెళ్దాం" అన్నప్పుడు మేము వెంటనే సమ్మతించడానికి కారణం సముద్రం కాదు, ఈ పిల్లలే.

బయలుదేరే ముందు

ప్రయాణపు ఏర్పాట్లలో సగం వంటింట్లో జరిగాయి. దారిలో హలాల్ భోజనం ప్రతిచోటా దొరకదు గనుక కోడలు పెద్ద ఐసు పెట్టెలో వండిన కీమా, చికెన్ వేపుడు, పెరుగు సర్దింది. గుంటూరు నుండి మా శ్రీమతి తీసుకెళ్లిన ఆవకాయ జాడీ మరొక సంచిలో చేరింది. ఫ్రీమాంట్‌లో ఆఫ్ఘన్ సోదరులు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. అక్కడి ఒక ప్రాంతాన్ని జనం 'లిటిల్ కాబూల్' అంటారు. వారి దుకాణంలో పొడవాటి ఆఫ్ఘన్ రొట్టెలు కొన్నాము. ఆ రొట్టెలో ఆవకాయ పెట్టుకుని తినడం మా మనుమడు కనిపెట్టిన విద్య.

మిగిలిన సగం నమాజుకు సంబంధించినది. దారి పొడవునా నమాజులు ఎలా చేయాలన్న ప్రశ్న అబ్బాయే ముందుగా అడిగాడు. కొడుకు ఇంట పదిహేను రోజులకు మించి ఉండే సంకల్పంతో ఉన్నందున అక్కడ మేము ముఖీమ్‌లము, అంటే స్థిర నివాసుల కోవలోని వారము. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లు లేక అంతకు మించిన దూరం వెళ్లే సంకల్పంతో ఊరి ఇళ్లు దాటినప్పటి నుండి మనిషి ముసాఫిర్ అవుతాడు. తొలి మజిలీ అయిన శాంటా క్రూజ్ అంత దూరం లేదు. అయితే మా సంకల్పం లాస్ ఏంజిలిస్ గనుక, ఫ్రీమాంట్ దాటగానే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండు రకాతులు అయ్యాయి. జొహర్ నమాజును దాని చివరి సమయంలో, అసర్‌ను దాని తొలి సమయంలో చేసుకుంటే రెండూ తమ తమ వేళల్లోనే నెరవేరుతాయి, ఒక్కసారి ఆగితే సరిపోతుంది. పూర్తి వుజూ చేసిన తరువాత తోలు మేజోళ్లు తొడుక్కుంటే ప్రయాణికుడు మూడు పగళ్లు, మూడు రాత్రుల వరకు వాటిపై మసహ్ చేయవచ్చు. దారిలోని మరుగుదొడ్లలో చేతులు కడిగే తొట్టెలోనికి కాలెత్తి పెట్టే ఇబ్బంది, దాన్ని చూచి ఇతరులకు కలిగే ఇబ్బంది, రెండూ ఆ సౌలభ్యంతో తప్పుతాయి. షరీఅత్ ప్రయాణికుడికి ఎన్ని విధాలుగా తలుపులు తెరిచిందో పుస్తకంలో చదవడం వేరు, దారిలో అనుభవించడం వేరు.

ఓకు చెట్ల కింద ఒక ఆట

శాంటా క్రూజ్ పట్టణం కొండలకూ సముద్రానికీ మధ్య ఉంది. అక్కడ ఊరి అంచున డెలవియాగా అనే ఉద్యానవనం ఉంది. ఓకు చెట్లతో నిండిన ఆ కొండవాలులో పిల్లలు మమ్మల్ని తీసుకెళ్లింది 'డిస్క్ గోల్ఫ్' అనే ఆటకు. మన ప్రాంతంలో ఈ ఆట గురించి విన్నవారు తక్కువ గనుక కొంచెం వివరిస్తాము.

గోల్ఫులో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు. ఇందులో కర్ర లేదు, బంతి లేదు. అన్నం కంచమంత ప్లాస్టిక్ పళ్లేన్ని చేతితో విసురుతారు. గుంటకు బదులు ఒక ఇనుప స్తంభం, దానికి నడుము ఎత్తున ఒక బుట్ట, బుట్టపైన చుట్టూ వేలాడే గొలుసులు ఉంటాయి. పళ్లెం గొలుసులకు తగిలి, ఘల్లుమని చప్పుడు చేసి, బుట్టలో పడుతుంది. ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. సాధారణంగా ఒక మైదానంలో ఇలాంటి బుట్టలు పద్దెనిమిది ఉంటాయి. దూరం విసరడానికి అంచు పదునుగా ఉన్న పళ్లెం, దగ్గరినుండి వేయడానికి అంచు మొద్దుగా ఉన్న పళ్లెం వాడతారు. చాలా చోట్ల ఇవి ప్రజల ఉద్యానవనాలలోనే ఉంటాయి గనుక రుసుము ఉండదు. రెండు మూడు పళ్లేలు ఉంటే చాలు, తాత నుండి మనుమడి దాకా అందరూ ఆడవచ్చు.

ఆట మొదలు కాకముందే అబ్బాయి ఒక పొదను చూపించి హెచ్చరించాడు. మూడేసి ఆకులుగా ఉండే దాని పేరు 'పాయిజన్ ఓక్'. తాకితే ఒళ్లంతా దద్దుర్లు, దురద. మన దురదగొండి వంటిదే అనుకున్నాము. ఆ మైదానంలో పళ్లెం దారి తప్పితే వెళ్లి పడేది ఆ పొదల్లోనే.

ఆటలో మమ్మల్ని ఆకట్టుకున్నది పళ్లెం ఎగరడం కాదు, దాని మర్యాదలు. ఒకరు విసురుతున్నప్పుడు మిగిలినవారు వెనుక మౌనంగా నిలబడాలి. బుట్టకు ఎవరి పళ్లెం ఎక్కువ దూరంలో ఉందో వారే ముందు విసరాలి. ఎదురుగా ఎవరైనా నడుస్తుంటే వారు దాటేవరకు ఆగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మామూలు ఆటలో మధ్యవర్తి ఉండడు. ఎవరి విసుర్లు వారే లెక్కపెట్టుకుని చెప్పాలి.

ఒక బుట్ట దగ్గర మనుమడి పళ్లెం చెట్టు బోదెకు తగిలి లోయవైపు జారిపోయింది. వాడొక్కడే దిగి వెళ్లాడు. కాసేపటికి పళ్లెం పైకి ఎగిరి వచ్చింది, మరో విసురుకు బుట్టలో పడింది. వాళ్ల నాన్న కాగితం మీద రాసుకుంటూ ఎన్ని అని అడిగితే "నాలుగు" అన్నాడు. మేమందరం తరువాతి బుట్ట వైపు నడిచాము. వాడు వెనుకబడ్డాడు. కొంత దూరం వెళ్లాక పరుగెత్తుకుంటూ వచ్చి మా చెయ్యి పట్టుకుని, "దాదా, నాలుగు కాదు, ఐదు. కింద ఒకసారి విసిరితే చెట్టుకు తగిలింది" అని తెలుగులో చెప్పాడు. వాళ్ల నాన్న ఏమీ మాట్లాడకుండా అంకె దిద్దాడు.

అమానతు గురించి, ఎవరూ చూడని చోట అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక గురించి ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాము. ఆ క్షణంలో ఒక పాఠం చెప్పాలని నాలుక తొందరపడింది. కానీ పిల్లవాడు తానుగా నేర్చుకున్న దానికి మా వ్యాఖ్యానం అనవసరమనిపించి ఊరకున్నాము. వాడు మా చెయ్యి వదలకుండా ఆ తరువాతి బుట్ట దాకా నడిచాడు. వాడు తెలుగులో మాట్లాడాడన్న సంగతి వాడికే గుర్తు లేదు. అక్కడి చివరి బుట్టలలో ఒకటి కొండ కొమ్మున ఉంది. దానిని 'టాప్ ఆఫ్ ద వరల్డ్' అంటారు. అక్కడి నుండి కింద ఊరు, ఆవల మాంటెరీ అఖాతపు నీలి రేఖ కనిపిస్తాయి. మా శ్రీమతి మోకాళ్ల నొప్పితోనే అంత దూరం ఎక్కి, ఒక పళ్లెం విసిరింది. అది ఎటు పోయిందో ఎవరికీ కనిపించలేదు. అందరికంటే ఎక్కువగా ఆమే నవ్వింది.

వేసవిలో చల్లని సముద్రం

సూర్యలంక, మంగినపూడి సముద్రాలలో మునిగినవారికి పసిఫిక్ నీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. జూన్ నెలలో కూడా పాదం పెడితే ఎముకల దాకా చలి పాకుతుంది. ఉదయాన తీరమంతా దట్టమైన మంచు కమ్ముకుని ఉంటుంది. అక్కడివారు దాన్ని 'జూన్ దిగులు' అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. దీనికి కారణం ఉంది. వేసవిలో వాయవ్యం నుండి వీచే గాలుల వల్ల తీరంలోని పైనీరు సముద్రంలోకి నెట్టుకుపోతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో పాటు పోషకాలు కూడా పైకి వస్తాయి గనుక నాచు, చేపలు, పక్షులు, తిమింగలాలు అన్నీ అక్కడ సమృద్ధిగా ఉంటాయి. చలి అనుకున్నదే ఆ ప్రాణులకు దస్తర్‌ఖాన్.

ఆ మంచు మాకు మరొక మేలు చేసింది. ఉదయం వేళ ఇసుక తీరం దాదాపు నిర్మానుష్యంగా ఉండేది. ఫజర్ తరువాత మేము వెళ్లి, ఆడవాళ్లు నిశ్చింతగా నీటి అంచున నడిచి, గుంపులు చేరకముందే తిరిగి వచ్చేవాళ్లము. హయాను కాపాడుకుంటూ సముద్రాన్ని చూడదలచిన కుటుంబానికి వేళ ఎంచుకోవడమే మంచి ఉపాయం.

మాంటెరీలో ఒకప్పుడు సార్డీన్ చేపలను డబ్బాలకెత్తే కర్మాగారాలు వరుసగా ఉండేవి. 1940ల తరువాత ఆ చేపలు కనుమరుగై, కర్మాగారాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. అలా మూతబడిన వాటిలో ఒకదాని స్థలంలోనే 1984లో పెద్ద మత్స్య ప్రదర్శనశాల నెలకొల్పారు. మూడంతస్తుల ఎత్తున్న గాజు తొట్టిలో సముద్రపు నాచు అడవిలా ఊగుతుంటే పిల్లలు దాని ముందు చాలాసేపు నిలబడిపోయారు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవల చేపల వేటను నిషేధిస్తారని, చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి అది అవసరమని మనుమరాలికి చెప్పాము. "మాంటెరీలో కూడా అలా ఆపి ఉంటే?" అని ఆమె అడిగింది. తీసుకోవడానికి హక్కు ఉన్నప్పుడు కూడా హద్దు ఉంటుందన్న సంగతి ఆ ప్రశ్నలోనే ఉంది.

కొండ అంచు దారి

మాంటెరీ నుండి దక్షిణంగా బిగ్ సర్ ప్రాంతం మొదలవుతుంది. ఒకవైపు నిటారుగా లేచిన కొండలు, మరొకవైపు పాతాళంలా సముద్రం, నడుమ రెండు వరుసల దారి. ఖైదీలను కూడా పనిలో పెట్టి నిర్మించిన ఈ దారి 1937లో వాహనాలకు తెరుచుకుంది. దీనిమీద 1932లో పూర్తయిన బిక్స్‌బీ వంతెన లోయ అడుగునుండి 260 అడుగులకు పైగా ఎత్తులో ఒకే కమానుపై నిలబడి ఉంది. కొండ మాత్రం ఈ దారిని ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. 2017 మేలో మడ్ క్రీక్ అనే చోట కొండచరియ విరిగి దారిని కప్పివేసింది. ఏడాదికి పైగా శ్రమించి 2018 జూలైలో గాని తిరిగి తెరవలేకపోయారు. కొత్తగా వేసిన ఆ భాగం దాటుతున్నప్పుడు అబ్బాయి వేగం తగ్గించాడు. మా శ్రీమతి తస్బీహ్ వేగం పెంచింది.

ఈ తీరంలోనే ఒక ఆశాజనకమైన కథ ఉంది. సముద్రపు నీటికుక్కల బొచ్చు కోసం వేటగాళ్లు వాటిని ఎంతగా చంపారంటే, కాలిఫోర్నియాలో అవి అంతరించాయనే అందరూ అనుకున్నారు. కానీ బిక్స్‌బీ వాగు దగ్గర ఒక చిన్న గుంపు మిగిలి ఉందని 1938లో లోకానికి తెలిసింది. సుమారు యాభైగా మిగిలిన వాటి సంతతి నేడు మూడు వేలకు చేరువలో ఉంది. పాయింట్ లోబోస్ అనే చోట ఒడ్డునుండే వాటిని చూచాము. వెల్లకిలా తేలుతూ, అల కొట్టుకుపోకుండా నాచు తీగను ఒంటికి చుట్టుకుని, పొట్టమీద రాయి పెట్టుకుని నత్తగుల్లలు పగలగొట్టుకుంటాయి. ఇంత చిన్న ప్రాణికి ఇంతటి యుక్తిని ప్రసాదించిన సృష్టికర్తను స్తుతించకుండా ఎవరు ఉండగలరు?

ఇంకా దక్షిణాన, పియెద్రాస్ బ్లాంకాస్ తీరంలో ఏనుగు సీళ్లు వందలుగా ఇసుకలో పడుకుని ఉన్నాయి. నూనె కోసం సాగిన వేటలో ఇవి కూడా దాదాపు అంతరించి, మెక్సికోలోని ఒక దీవిలో కొద్దిగా మిగిలాయి. 1922లో మెక్సికో ప్రభుత్వం వాటికి రక్షణ కల్పించింది. 1990లో అవి ఈ తీరానికి వచ్చాయి. ఇప్పుడు జనం కట్టె వంతెన మీద నిలబడి, వాటిని కదిలించకుండా చూచి వెళుతున్నారు.

సముద్రం ఎడమవైపు, ఖిబ్లా ఎదురుగా

శాన్ సిమియన్ తీరంలో నీలగిరి చెట్ల నీడన జొహర్, అసర్ నమాజులకు ఆగాము. మాకు ముందుగా వింత అనిపించింది ఖిబ్లా. మన తెలుగు నేలపై మనం పడమరకు తిరిగి నిలబడతాము. కాలిఫోర్నియాలో ఖిబ్లా ఉత్తరం నుండి కొద్దిగా తూర్పుకు ఉంటుంది. పటం చూచి ఆగ్నేయమని వాదించినవారు గతంలో లేకపోలేదు. కానీ పటం చదునైనది, భూమి గుండ్రనిది. ఒక బత్తాయి మీద ఈ రెండు చోట్లను గుర్తించి దారం బిగించి చూస్తే, అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువ ప్రాంతం వైపుగా సాగుతుంది. కనుక అక్కడ మగ్రిబ్ వేళ సూర్యుడు ఎదురుగా అస్తమించడు. సముద్రమూ, కుంకే సూర్యుడూ ఎడమ భుజం వైపు ఉంటాయి. జూన్‌లో అది రాత్రి ఎనిమిదిన్నరకు గాని జరగదు.

తివాసీ పరిచేసరికి మనుమరాలు కారు దిగలేదు. చుట్టూ విహారానికి వచ్చినవారు ఉన్నారు. "నేను కారులోనే కూర్చుని చేసుకుంటాను" అన్నది. నిలబడగల శక్తి ఉన్నవారు ఫర్జ్ నమాజును కూర్చుని చేయరాదని ఆమెకూ తెలుసు. హిజాబు ధరించడం ఆ ఏడాదే మొదలుపెట్టిన పిల్ల. బడిలో ఎందరి చూపులను మోస్తున్నదో మేము ఎన్నడూ అడగలేదు. ఆజ్ఞాపించడం మాకు అలవాటైన పని. ఆ రోజు అది చేయలేదు. ఆమె దాదీ లేచి, కారుకూ చెట్టుకూ మధ్య ఉన్న చాటున తన తివాసీ పక్కనే మరొకటి పరచి, "రా బేటా, నేను నీ పక్కనే ఉంటాను" అన్నది. కొంతసేపటికి తలుపు తెరుచుకుంది.

మేము సలాము తిప్పేసరికి ఒక వృద్ధ అమెరికన్ దంపతులు తమ కుక్కతో కొంత దూరంలో ఆగి ఉన్నారు. మా ముందునుండి దాటకుండా ఎదురుచూస్తున్నారు. ఆ పెద్దావిడ మనుమరాలిని పలకరించి, సముద్రం అంత అందంగా ఉంటే దానివైపు కాక కొండవైపు తిరిగి ఎందుకు ప్రార్థించారని అడిగింది. అమ్మాయి కారులోని పళ్లేల సంచి పక్కనున్న బత్తాయిని తీసుకుని, వేలితో గీత గీస్తూ వివరించింది. ఆ ఇంగ్లీషు మాకు పూర్తిగా అందలేదు. ఆమె నిటారుగా నిలబడి మాట్లాడడం మాత్రం చూచాము.

మర్నాడు మళ్లీ ఆమె కారు చాటునే నిలబడింది. లోపల కూర్చుంటానని మాత్రం అనలేదు. అంతవరకు చాలు. విత్తనం నాటిన రోజే నీడ అడగకూడదు.

తొలి మైదానం

మోరో బే, శాంటా బార్బరా మీదుగా సుమారు 700 కిలోమీటర్లు తిరిగి లాస్ ఏంజిలిస్ చేరాము. ఆ మహానగరంలో చూడదగినవి ఎన్నో ఉన్నా, మనుమడు పట్టుబట్టినది ఒక్కటే, పాసడీనా పక్కన కొండల పాదంలో ఉన్న ఓక్ గ్రోవ్ మైదానం. ప్రపంచంలో డిస్క్ గోల్ఫ్‌కు తొలి శాశ్వత మైదానం 1975లో అక్కడే ఏర్పడింది. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్, ఆటవస్తువుల సంస్థలో పనిచేస్తూ ఎగిరే పళ్లేనికి స్థిరత్వం వచ్చేలా మెరుగులు దిద్దినవాడు. మొదట్లో గురిగా వట్టి స్తంభాలే ఉండేవి. పళ్లెం తగిలిందా లేదా అన్న తగవులు వచ్చేవి. గొలుసులూ బుట్టా కలిపిన స్తంభాన్ని ఆయనే తయారుచేసి 1977లో పేటెంటు పొందాడు. గొలుసు చప్పుడు వినిపిస్తే ఇక వాదన లేదు. పక్కనే అంతరిక్ష నౌకలను రూపొందించే నాసా ప్రయోగశాల ఉంది. ఇవతల ఓకు చెట్ల కింద పిల్లలూ పెద్దలూ ప్లాస్టిక్ పళ్లేలు విసురుకుంటున్నారు.

ఆ రోజు లెక్క రాసే కాగితాన్ని మనుమడు మా చేతికి ఇచ్చాడు. "దాదా, మీరు రాయండి" అన్నాడు. మేము ఉర్దూ అంకెలతో రాశాము. ఎలా చదవాలో వాడు సాయంత్రానికి నేర్చుకున్నాడు.

మన కుటుంబాల కోసం

ఈ అనుభవాన్ని చెప్పడం దూరదేశాలను పొగడడానికి కాదు. భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమన్న ఆదేశం కాలిఫోర్నియాకు పరిమితం కాదు. బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది, బందరు దగ్గర మంగినపూడి ఉంది, విశాఖ నుండి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే దారి ఉంది. ఖర్చు తక్కువ, భాష మనదే. కావలసినవి కొన్నే. వేళ ఎంచుకోండి, జనసమ్మర్దం లేని ఉదయం మేలు. నమాజు ఎక్కడ ఆగి చేయాలో బయలుదేరే ముందే అనుకోండి, తివాసీ, నీళ్ల సీసా సంచిలో పైనే ఉంచండి. ఫోన్లు పక్కన పెట్టించాలంటే వాటికంటే మంచిది ఏదో పిల్లల చేతికి ఇవ్వాలి. ఆట ఉంటే ఇవ్వండి, మీరూ ఆడండి. పిల్లలు మాట్లాడే వరకు ఆగండి.

మేము తిరిగి వచ్చాక మదరసా ఆవరణలోని వేపచెట్టుకు పాత సైకిల్ టైరు ఒకటి వేలాడదీయించాము. పెయింటు డబ్బాల మూతలే పళ్లేలు. అసర్ తరువాత విద్యార్థులు దానిలోనుండి మూత దూరేలా విసురుతున్నారు. లెక్క ఎవరిది వారే చెప్పాలన్నది అక్కడి ఏకైక నియమం. మొదటి వారంలో తగవులు చాలా వచ్చాయి. ఇప్పుడు కొంత తగ్గాయి. మనుమడు ఫోను చేసినప్పుడు ఎవరు గెలిచారని అడుగుతాడు, చాలాసార్లు తెలుగులోనే.

అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేయుగాక. వెళ్లినవారిని కలిపి, కలిసినవారిని ఒకరికొకరిని దగ్గర చేయుగాక. ఆమీన్.